లినక్స్ తీసేయకండి, బ్లూటూత్ మేమే కలుపుకుంటాం

మన హాస్టల్లో చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు పోయినేడాది నాలుగు పాత కంప్యూటర్లు పంపించారు. నాలుగింటిలోనూ ఉబుంటు లినక్స్ వేసి ఉంది. మా సంబరం వారం రోజులు కూడా నిలవలేదు. సెల్‌ఫోన్‌లో ఉన్న పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు కంప్యూటర్లోకి ఎక్కిద్దామంటే బ్లూటూత్ కలవలేదు. ఒక రిపేరు షాపులో అడిగితే, "లినక్స్‌లో బ్లూటూత్ రాదు, తీసేసి విండోస్ వేయించుకోండి" అన్నారు. వార్షికోత్సవానికి రాబోయే అన్నల్లో కూడా కొందరు అదే మంచిదని అంటున్నారని తెలిసింది. అన్నలంటే మాకు గౌరవమే. కానీ ఈ ఒక్క విషయంలో మేము వారితో ఏకీభవించలేకపోతున్నాము.

అసలు లినక్స్‌లో బ్లూటూత్ రాదన్న మాటే తప్పు. బ్లూటూత్ పని 1994లో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో మొదలైంది. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా కలిసి దానికి ఒక సంఘం పెట్టుకున్నాయి. పేరు మాత్రం పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్‌ది. విడివిడిగా ఉన్నవాళ్లను ఒకటి చేసిన రాజు కాబట్టి వైరు లేకుండా యంత్రాలను కలిపే పద్ధతికి ఆయన పేరు పెట్టారట. (పన్ను నీలంగా ఉండేదని ఆ బిరుదంటారు. మా గదిలో ఒక తమ్ముడికి ఆ పేరు ఇప్పటికే స్థిరపడిపోయింది.) ఇక లినక్స్ కెర్నెల్లోకి 'బ్లూజ్' అనే బ్లూటూత్ ప్రోగ్రాం 2001లోనే చేరింది. మనం చేతిలో పట్టుకు తిరిగే ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా లినక్స్ కెర్నెల్ మీదే నడుస్తాయి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2కు ముందు వాటిలో పనిచేసింది ఇదే బ్లూజ్. పాతికేళ్ల క్రితమే వచ్చినదాన్ని రాదు అనడం ఏమిటి?

మరి మనకెందుకు కలవలేదు? కారణం తెలుసుకోవడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. మొదటిది తలుచుకుంటే నవ్వొస్తుంది. మూడు కంప్యూటర్లలో బ్లూటూత్ పరికరమే లేదు! ల్యాప్‌టాప్‌లలో లోపలే ఉంటుంది గాని పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఉండదు. లేనిదాని కోసం విండోస్ వేసినా అదే గతి. చందాలు వేసుకుని మూడు డాంగిల్స్ తెచ్చాము. వేలి గోరంత ఉంటాయి, యూఎస్‌బీలో గుచ్చితే చాలు. అందులో రెండు గుచ్చగానే పనిచేశాయి. మూడోదాన్ని కంప్యూటర్ గుర్తుపట్టింది గాని ఆన్ కానంది. తర్వాత తెలిసిందేమిటంటే, సీఎస్ఆర్ అనే కంపెనీ చిప్‌కు నకళ్లు చేసి అదే గుర్తింపు నంబరుతో అమ్ముతారు. అసలు చిప్ అర్థం చేసుకునే ఆజ్ఞలు కొన్ని నకలుకు అర్థం కావు. లినక్స్ రాసేవాళ్లు ఆ నకళ్లకు కూడా 2020లో కెర్నెల్లో దారి చూపించారు. కాబట్టి పాత లినక్స్ ఉంటే కొత్తది వేసుకోవాలి. మేము వేశాము, మూడోది కూడా లేచింది. ఇంకొన్ని డాంగిల్స్‌కు ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు ఉండాలి, అది లేకపోతే గుచ్చినా మాట్లాడవు.

నాలుగో కంప్యూటర్ ల్యాప్‌టాప్. దానిలో బ్లూటూత్ ఉంది, ఆన్ కావడం లేదు. టెర్మినల్ తెరిచి 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' అని కొడితే సంగతి బయటపడింది. బ్లూటూత్ ఎదురుగా 'సాఫ్ట్ బ్లాక్డ్: ఎస్' అని వచ్చింది. అంటే ఎవరో తాళం వేశారు. 'ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ బ్లూటూత్' అని కొట్టగానే తాళం వూడింది. సాఫ్ట్ బదులు 'హార్డ్ బ్లాక్డ్' అని వస్తే మాత్రం టైపు చేసి లాభం లేదు, ల్యాప్‌టాప్ పక్కనున్న స్విచ్చో, బయోస్‌లో అమరికో చూడాలి. షాపుకు మోసుకెళ్లిన దారి ఖర్చుకు బదులు ఆ ఒక్క లైను తెలిసుంటే సరిపోయేది.

ఆ తర్వాతిది సులువే. 'బ్లూటూత్‌సీటీఎల్' అని కొడితే లోపలికి తీసుకెళ్తుంది. పవర్ ఆన్, స్కాన్ ఆన్ అంటే చుట్టుపక్కల పది మీటర్లలో ఉన్న ఫోన్లు ఒక్కొక్క చిరునామాతో కనిపిస్తాయి. మన ఫోన్ చిరునామా చూసి పెయిర్ అనాలి. రెండింటి మీదా ఒకే ఆరంకెల నంబరు వచ్చిందో లేదో చూసుకుని ఒప్పుకోవాలి. ట్రస్ట్ అని కూడా ఇస్తే మళ్లీమళ్లీ అడగదు. ఇదంతా వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో బ్లూటూత్ పేజీలోనే నొక్కి చేసుకోవచ్చు. అక్కడ ఒక మెలిక ఉంది. ఆ పేజీ తెరిచి ఉన్నంతసేపే ఫోన్ నుంచి ఫైలు వస్తుంది. మూసేస్తే రాదు. మేము రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నది దీని దగ్గరే! వచ్చిన ఫైలు డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది.

ఇంటర్నెట్ ఉండగా ఈ తంటాలెందుకని కొందరు అడగవచ్చు. 2022 మే 24ను కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. జిల్లాకు అంబేడ్కర్ గారి పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మంత్రి ఇంటిని, ఎమ్మెల్యే ఇంటిని తగలబెట్టారు. ఆ వెంటనే ఇంటర్నెట్ ఆపేశారు. వారానికి పైగా లేదు. ఆ పేరు మనకు ఏమిటో ఈ హాస్టల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. గొడవతో సంబంధం లేని మా అన్నలు కొందరు ఆ ఏడాది జూలైలో జరిగే ఈఏపీసెట్‌కు చదువుకుంటూ పాఠాలు అందక అవస్థ పడ్డారు. ఒకరిద్దరు ఎదుర్లంక వంతెన దాటి యానాం పోయి ప్రశ్నపత్రాలు దింపుకొచ్చారు. ఆ ఒక్క ఫోన్ నుంచి పదిమంది ఫోన్లలోకి అవి ఎక్కింది బ్లూటూత్‌తోనే. ఇక తుపాను వస్తే టవర్లు పడుకోవడం కాట్రేనికోన వాళ్లకు కొత్త కాదు. బ్లూటూత్‌కు టవరు అక్కరలేదు, రీచార్జి అక్కరలేదు. నిదానమే, వంద ఎంబీల వీడియోకు పది నిమిషాలు పడుతుంది. కానీ ప్రశ్నపత్రం సెకన్లలో వచ్చేస్తుంది.

విండోస్ పక్షం వాళ్లు చెప్పేదాంట్లో ఒకటి నిజముంది. ఉద్యోగ పరీక్షల్లో, ఆఫీసుల్లో వర్డ్, ఎక్సెల్ అడుగుతారు. కాబట్టి ఒక కంప్యూటర్లో డబ్బు పెట్టి కొన్న విండోస్ ఉంటే మాకు అభ్యంతరం లేదు. దొంగ కాపీ మాత్రం వద్దు. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సహాయం 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11ను మన పాత యంత్రాలు మోయలేవు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్ మీదే పిల్లలు నేర్చుకుంటున్నారు. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తయారుచేసింది. అక్కడి పిల్లలకు వచ్చింది మనకెందుకు రాదు?

సినిమాలు, పాటలు ఎక్కించుకుంటారని పెద్దలకు భయం ఉంది. ఎక్కించుకుంటారు, కాదనం. అందుకే ఒక షరతు మేమే పెట్టుకుంటాము. పని అయిపోగానే బ్లూటూత్ ఆపేయాలి, ఎవరు ఏది ఎక్కించారో పుస్తకంలో రాయాలి. ఆపేయడం క్రమశిక్షణ కోసమే కాదు. 2017లో బ్లూబోర్న్ అనే లోపం బయటపడినప్పుడు ఆన్‌లో ఉన్న యంత్రాల్లోకి పక్కనున్నవాళ్లు దూరే వీలుందని తేలింది. అందులో లినక్స్ కూడా ఉంది.

అన్నలను మేము అడిగేది కొద్దే. విండోస్ వేయించడానికి పోగుచేసిన డబ్బుతో రెండు మంచి డాంగిల్స్, ఒక హార్డ్ డిస్క్ కొనివ్వండి. మీ దగ్గరున్న పాత నోట్సు, ప్రశ్నపత్రాలు ఫోన్లో వేసుకుని రండి. వార్షికోత్సవం రోజు సాయంత్రం కంప్యూటర్ గదిలో సెట్టింగ్స్ పేజీ తెరిచి పెట్టి ఉంచుతాము. ఎనిమిదో తరగతి తమ్ముళ్లే మీ ఫోన్ కలిపి చూపిస్తారు.