సందులో నీరు, పొరుగింట తడి

సుబేదారి అన్న పేరులోనే ఆ పేట చరిత్ర ఉంది. నిజాం కాలంలో వరంగల్లు సుబాను పాలించిన సుబేదారు నివాసం మూలంగా ఆ పేరు వచ్చింది. తెలంగాణలో పాత తరం ఇండ్లకు నేలపై షాబాదు బండలు పరిచేవారు. వాటి కింద ఉండేది మన్నే కనుక సందులోంచి నీరు దిగినా భూమి పీల్చుకునేది. నేడు అదే పేటలో అపార్టుమెంట్లు లేచాయి. మన స్నానాల గది నేల కింద మరొకరి పైకప్పు ఉన్నది. కనుక టైల్స్ మధ్య ఉండే సన్నని గీత బాగోగులు మన ఇంటి సంగతి మాత్రమే కాదు, పొరుగువారి హక్కుకు సంబంధించిన సంగతి కూడా.

ఆ సందును నింపే పదార్థాన్ని గ్రౌట్ అంటారు. చాలా ఇండ్లలో తెల్ల సిమెంటుతోనే ఆ పని కానిస్తారు. అది నల్లబడినంత మాత్రాన చెడిపోయిందని భావించనక్కరలేదు. సబ్బు జిడ్డు, బోరు నీటి ఉప్పు పేరుకున్నా రంగు మారుతుంది. గోరువెచ్చని నీటిలో కొద్దిగా వంటసోడా కలిపి, బ్రష్షుతో రుద్ది చూడండి. తేటపడితే ఖర్చుతో పని లేదు. అవసరం లేని మరమ్మతు కూడా దుబారాయే.

మార్చవలసిన వేళను తెలిపే గుర్తులు వేరు. తాళంచెవి మొనతో గీస్తే గ్రౌట్ పొడిగా రాలడం, సందు పొడవునా పగుళ్లు సాగడం, ముక్కలు ఊడి గుంతలు పడటం, కడిగిన కొద్ది రోజులకే అదే చోట బూజు తిరిగి రావడం వాటిలో ముఖ్యమైనవి. రోజూ అయిదు పూటలా వుజూ నీళ్లు పడే కుళాయి కింద మొదట పరీక్షించండి. బాగా ఆరిన సందుపై ఒక నీటి చుక్క వేయండి. చుక్క వెంటనే ఇంకిపోయినా, గ్రౌట్ గట్టిగానే ఉంటే పైన సీలర్ పూస్తే చాలు. పగిలి, రాలుతున్నదైతే మార్చవలసిందే. రూపాయి బిళ్లతో టైల్‌ను తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే ఆ టైలే నేలను వదిలిందని అర్థం. అప్పుడు సందు నింపి ప్రయోజనం లేదు, టైల్‌ను తీసి మళ్లీ అతికించాలి.

కింది ఇంటి పైకప్పు చెమ్మగిల్లితే ఆ గదిని రెండు మూడు రోజులు వాడకుండా చూడండి. అయినా తడి పెరుగుతుంటే నీటి పైపును అనుమానించాలి. తడి తగ్గుముఖం పడితే లోపం సందులలోనో, మురుగు గొట్టం చుట్టూనో ఉండవచ్చు. గ్రౌట్ ఒక్కటే నీటిని పూర్తిగా ఆపలేదు. నేల కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పొర దెబ్బతింటే కొత్త గ్రౌట్ కొంతకాలమే కాపాడుతుంది.

మరకలు పోవాలని టైల్స్‌పై ఆసిడ్ పోయడం మన ఇండ్లలో పరిపాటి. ఆసిడ్ మరకతోపాటు సిమెంటును కూడా కరిగిస్తుంది. ఆ తెలుపు కొన్నాళ్లదే, బలహీనపడిన సందు మిగిలిపోతుంది. దానికి బ్లీచింగ్ పౌడర్ తోడైతే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఆ రెండింటినీ ఎన్నడూ కలపరాదు.

మరమ్మతు చేయించేటప్పుడు పాతదానిపై కొత్త పూత వేయనివ్వకండి, అది త్వరలోనే పెచ్చులుగా లేస్తుంది. పాతదాన్ని లోతుగా గీకి, దుమ్ము తుడిచాకే నింపించాలి. గోడ, నేల కలిసే మూలల్లో గ్రౌట్ పగులుతుంది కనుక సాగే గుణం గల సిలికాన్ సీలెంట్ మేలు. ఎపాక్సీ గ్రౌట్ ఖరీదెక్కువైనా నీటిని దాదాపు పీల్చదు. సిమెంటు గ్రౌట్ అయితే కనీసం ఒక రోజు నీరు తగలకుండా ఉంచాలి.

అద్దెకున్నవారు గుర్తులు కనబడగానే యజమానికి తెలపాలి, యజమాని వాయిదా వేయరాదు. కింది ఇంటివారు వచ్చి తలుపు తట్టేనాటికి వారి గోడ రంగు పోయి ఉంటుంది, మనసు కూడా నొచ్చుకొని ఉంటుంది. నెలకొకసారి పది నిమిషాలు సందులను పరిశీలిస్తే ఆ రెండింటినీ కాపాడుకోవచ్చు.