పీఆర్వో రాని వీధి

పదో తరగతి ఫలితాలు వచ్చీ రాకముందే అల్లూరు వీధుల్లో నెల్లూరు, కావలి కాలేజీల పీఆర్వోలు దిగుతారు. మార్కులు బాగుంటే ఫీజు తగ్గిస్తామంటారు, ఎంపీసీలో చేర్చండి మీవాడు ఇంజినీరే అంటారు. వాళ్ల టార్గెట్లు వాళ్లవి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. పిల్లాడి ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, ‘తర్వాత ఏం చదువుతావు నాయనా’ అని అడిగే మనిషి మన ఊళ్లలో ఆ పీఆర్వో ఒక్కడే. అతను కూడా ఊరి చివరి యానాదుల కాలనీకి పోడు. పోయినా తలుపులు వేసుంటాయి. చాలా కాపురాలు రొయ్యల గుంటల గట్ల మీద, కాపలా గుడిసెల్లో ఉంటాయి.

ఇలా ‘ఏం చదువుతావు’ అని అడిగే కెరీర్ కౌన్సెలింగ్‌కు మూలపురుషుడు ఫ్రాంక్ పార్సన్స్. 1908లో బోస్టన్‌లో వలస కూలీలుండే పేటలో వొకేషన్ బ్యూరో తెరిచి, పనికోసం తిరిగే కుర్రాళ్లను ‘నీకేం చేతనవును, నీకేది ఇష్టం’ అని అడగడం మొదలుపెట్టాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1911లో, నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల, యానాదుల్లో ఎందరినో పుట్టుకతోనే నేరస్థుల కింద రాసేశారు. మన పక్కనున్న కావలిలోనే బాప్టిస్టు మిషన్ చేతిలో ఒక సెటిల్‌మెంటు నడిచింది. అక్కడ ఎవరు ఏ పని చెయ్యాలో పైవాళ్లే చెప్పేవాళ్లు. వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. యానాదుల పనిని వేరేవాళ్లు నిర్ణయించే అలవాటు మాత్రం పోలేదు. సర్కారు రిజిస్టరులోంచి గుంట యజమాని అడ్వాన్సు పుస్తకంలోకి మారింది, అంతే.

అందుకే కౌన్సెలింగ్ పేరుతో పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్షలంటే నాకు కాస్త చిరాకు. అడ్వాన్సు తీరేదాకా గుంట వదలొద్దని యజమాని చెప్పిన ఇంట్లో పిల్లను కూర్చోబెట్టి ‘నీ ఆసక్తులేమిటమ్మా’ అనడం ఎగతాళి. అప్పు పేరుతో మనిషిని కట్టిపడేస్తే ఆ అప్పు చెల్లదని 1976 వెట్టిచాకిరీ నిషేధ చట్టం చెబుతోంది. ఆ ముక్క ఆ తండ్రికి చెప్పడమే ఆ పిల్లకు మొదటి కౌన్సెలింగ్.

రెండోది కాగితాలు. నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలను 2008లో పెట్టిందే పల్లెటూరి పిల్లల కోసం. పదో తరగతి మార్కులే కొలత. సర్కారు బడిలో చదివితే 4 శాతం కలుపుతారు కూడా. ఎస్టీలకు 6 శాతం సీట్లున్నాయి. న్యాయం అంతా వండి వడ్డించినట్టే ఉంది. విస్తరి దగ్గరికి రావాలంటే కులం సర్టిఫికెట్ కావాలి. దానికి ఆధార్ కావాలి. ఆధార్‌కు పుట్టినతేదీ కాగితం కావాలి. గుంట గట్టున పుట్టిన పిల్లకు అదెక్కడిది? ఈ కాగితాలు కూడేలోగా దరఖాస్తు గడువు దాటిపోతుంది. కొందరు టీచర్లు సొంత ఫోన్లలో ఫారాలు నింపి, సచివాలయం చుట్టూ తిరిగి సాధిస్తున్నారు. వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఒక పిల్ల చదువు ఒక మాస్టారి మంచితనం మీద ఆధారపడితే, ఆయన బదిలీ అయిన ఏడాది ఏం గతి?

ఇంత చెబితే ఊళ్లో పెద్దలు ‘వాళ్లకే చదువు మీద ధ్యాస లేదండీ’ అంటారు. శ్రీహరికోట ఒకప్పుడు యానాదుల దీవి. 1971 నుంచి అక్కడ రాకెట్లు లేస్తున్నాయి. ఆ దీవి పిల్లలు ఎందరు ఇంజినీర్లుగా ఆ గేటు దాటారో లెక్క తీయమనండి. ధ్యాస ఎవరికి లేదో అప్పుడు మాట్లాడుకుందాం.

నెల్లూరులో యానాదుల కోసమే ఒక ఐటీడీఏ ఉంది. అల్లూరు లాంటి ప్రతి మండలానికీ ఆ కులంలోనే డిగ్రీ చదివిన ఒక్కరిని అది నియమించవచ్చు. ఎనిమిదో తరగతి నుంచే పిల్లల పేర్లు రాసుకుని, సర్టిఫికెట్లు ముందే తెప్పించి, ఐటీఐ, పాలిటెక్నిక్, గురుకులం, ట్రిపుల్ ఐటీ దరఖాస్తులు పెట్టించి, హాస్టల్లో దించి వచ్చేదాకా ఆ మనిషిదే పూచీ. అవసరమైతే గుంట యజమానితో మాట్లాడేదీ అతనే. గౌరవ వేతనం అని చేతిలో చిల్లర పెట్టకుండా సరైన జీతం ఇవ్వాలి, బండికి పెట్రోలు కూడా. కాలేజీలు పీఆర్వోలకు అడ్మిషన్‌కు ఇంతని లెక్కగట్టి ఇస్తూనే ఉన్నాయి గదా.