ఘాటు లేని ధూళి

కారు చక్రాలకు నల్లటి మసి పట్టకుండా ఉండాలంటే ఏ బ్రేక్ ప్యాడ్లు వేయించాలి? గుంటూరు, ఒంగోలు ప్రాంతాల్లో అల్లాయ్ చక్రాల కార్లు పెరిగిన కొద్దీ ఈ ప్రశ్న కూడా పెరిగింది. పూర్వం ఇనుప చక్రం మీద ఒక ప్లాస్టిక్ మూత ఉండేది. దానికి మసి పట్టినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు చక్రం కూడా అలంకారమైంది. విడిభాగాల దుకాణంలో దొరికే జవాబు ఎప్పుడూ ఒకటే: "సిరామిక్ వేయించండి, దుమ్మే ఉండదు." ఇందులో సగం నిజముంది. తక్కిన సగం గురించే ఈ నాలుగు మాటలు.

మన నేల మీద చక్రానికి పట్టేదంతా బ్రేకు మసి కాదు. ప్రత్తిపాడు, పర్చూరు వైపు పత్తి చేల మధ్య దారుల్లో వేసవి వస్తే నల్లరేగడి పిండిలా లేస్తుంది. నాలుగు చినుకులు పడితే అదే మట్టి టైరుకు ముద్దలుగా అంటుకుంటుంది. మార్టూరు, చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు లారీల వెంట రాతిపొడి లేస్తుంది. వీటికి ఏ ప్యాడూ మందు కాదు. తేడా గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. నాలుగు చక్రాలకూ ఇంచుమించు సమానంగా పట్టి, నీళ్లు పోయగానే జారిపోతే అది నేల దుమ్ము. వెనుక చక్రాల కంటే ముందు చక్రాలకు బాగా ఎక్కువగా పట్టి, వేలితో రాస్తే కాటుకలా అంటుకుంటే అది బ్రేకుది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు తూగుతుంది కనుక ముందు బ్రేకుల మీదే పని ఎక్కువ. పైగా చాలా చిన్న కార్లకు వెనుక ఉండేవి డ్రమ్ బ్రేకులు; వాటి ధూళిలో చాలా భాగం డ్రమ్ములోనే ఉండిపోతుంది. (ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే రావలసి ఉంది.)

ఇంతకీ ఆ కాటుకలో ఏముంది? డిస్కు పోత ఇనుముతో చేసినది. దాన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్లు పట్టి నొక్కుతాయి. ఆ ఒరిపిడిలో ప్యాడూ అరుగుతుంది, డిస్కూ అరుగుతుంది. ప్యాడ్ అనేది ఒకే పదార్థం కాదు, ఎన్నో దినుసులు కలిపి వేడి మీద అదిమి చేసిన బిళ్ల. అంటించడానికి రెసిన్, జారుడు సరిచూడడానికి గ్రాఫైట్, బలానికి రకరకాల పీచులు, బరువుకు ముగ్గురాయి పొడి. కడప సీమలోని మంగంపేటలో తవ్వే ముగ్గురాయి జాతిదే అది. మరో దినుసు వింటే చీరాల వైపువారు ఆశ్చర్యపోతారు: జీడిగింజ పెంకు నుంచి తీసిన నూనెను గట్టిపరచి, పొడిచేసి ప్యాడ్లలో కలుపుతారు. వేటపాలెంలో పప్పు తీసి పక్కన పోసే పెంకు లాంటిదే లోకంలో ఎక్కడో ఒక బండిని ఆపుతోందన్నమాట!

మన పత్తికీ ఈ కథలో పాత్ర ఉంది. 1888లో బెర్తా బెంజ్ తన భర్త చేసిన కారులో సుదూర ప్రయాణం చేసినప్పుడు, అరిగిపోయిన బ్రేకు చెక్కలకు దారిలో ఒక చెప్పులు కుట్టేవాని చేత తోలు కొట్టించింది. ఆ తర్వాత ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ పత్తి నేతను రెసిన్‌లో నానబెట్టి బ్రేకులకు వాడాడు. పత్తి బాగానే పట్టింది గాని వేడెక్కితే మాడిపోయేది. మాడని పీచు కోసం వెతికిన వారికి రాతినార దొరికింది. వేడికి చెక్కుచెదరదు, ధర తక్కువ. బ్రేకుల పరిశ్రమ కొన్ని దశాబ్దాల పాటు దాని మీదే నడిచింది. ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి క్యాన్సరుకు దారితీస్తుందని లోకం ఒప్పుకునేసరికి ఎందరో పనివారు పోయారు. అమెరికా సైతం విడిగా అమ్మే బ్రేకు లైనింగులలో తెల్ల రాతినారను నిషేధిస్తూ నిబంధన తెచ్చినది 2024లో. మన దేశంలో ఇంటికప్పు రేకుల కోసం అది నేటికీ దిగుమతి అవుతూనే ఉంది. కాబట్టి పేరూ ఊరూ లేని చవక ప్యాడ్ల పెట్టె చేతికి వచ్చినప్పుడు, రాతినార లేదని దాని మీద అచ్చువేసి ఉందో లేదో చూడడం అతిజాగ్రత్త కాదు.

ఇక ఎంపిక. బజారులో స్థూలంగా మూడు రకాలు. లోహపు పీచు దండిగా ఉన్న సెమీ మెటాలిక్ ప్యాడ్లు వేడిని బాగా తట్టుకుంటాయి, గట్టిగా పడతాయి. డిస్కును ఎక్కువగా కోస్తాయి, మసీ ఎక్కువే. ఆర్గానిక్ అని పిలిచేవి మెత్తన, చవక, చప్పుడు తక్కువ, తొందరగా అరుగుతాయి. సిరామిక్ ప్యాడ్ల ధర ఎక్కువ. వాటి ధూళి సన్నగా, లేత రంగులో ఉంటుంది, చక్రానికి అంతగా అంటదు. చక్రం శుభ్రంగా కనబడడానికి ఆ రంగూ ఒక కారణమే. ధూళి తగ్గే మాట నిజం. లేకుండా పోయే మాట అబద్ధం. రాపిడితో ఆగే బండికి అరుగుదల లేకుండా ఉండదు.

చిలకలూరిపేట మీదుగా గుంటూరు, ఒంగోలు మధ్య తిరిగే సొంత కారుకు, కంపెనీ అనుమతించిన కొలతలో, పేరున్న తయారీదారు సిరామిక్ ప్యాడ్ సరిపోతుందనే నా అభిప్రాయం. మనది చదును నేల. బ్రేకులు ఎడతెగకుండా కాగే సందర్భాలు తక్కువ. కాని ఏడాదికి ఒకసారైనా దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కి దిగేవారు, నిండు బరువుతో తిరిగేవారు ముందు అడగవలసింది మసి గురించి కాదు, వేడెక్కాక కూడా ఈ ప్యాడ్ పడుతుందా అని. పత్తి బోరేల ట్రాక్టరు పక్కదారి నుంచి ఉన్నట్టుండి జాతీయ రహదారి మీదికి వచ్చినప్పుడు చక్రం మెరుపు అక్కరకు రాదు.

ఇక్కడివరకు కొనేవాని లెక్క. నా అసలు బాధ ఇంకొకటి. చక్రానికి అంటని ధూళి ఎక్కడికి పోయింది?

గాలిలోకి పోయింది, లేదా రోడ్డు మీద పడింది. ఐరోపా 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలో పొగగొట్టంతో పాటు మొదటిసారిగా బ్రేకుల ధూళికీ హద్దు పెట్టింది: మామూలు కారుకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగే కారు ఆ హద్దులోనే ఉన్నా, 105 గ్రాముల సన్నని ధూళిని గాలిలో కలపవచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2010లోనే చట్టాలు చేసి ప్యాడ్లలో రాగిని అంచెలంచెలుగా తగ్గించాయి. వాననీటితో వాగుల్లో చేరి చేపలకు హాని చేస్తోందని. అక్కడివారు అడిగినది చక్రం ఎలా ఉందని కాదు, ధూళి ఎవరి పాలయిందని.

మన దగ్గర అది ముందుగా చేరేది మెకానిక్ షెడ్డులోని కుర్రవాడి ఊపిరిలోకి. మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీ ముఖానికి తువ్వాలు చుట్టుకుంటాడు. అది చాలినంత రక్షణ కాకపోవచ్చు, కాని అక్కడ దుమ్మే తనను తాను చాటుకుంటుంది. కళ్లు మండుతాయి, తుమ్ములు వస్తాయి, కొత్తవాడు రెండు నిమిషాలు నిలబడలేడు. బ్రేకు ధూళికి ఘాటు లేదు. డ్రమ్ము ఊడదీసి, అందులో నెలల తరబడి పేరుకున్న పొడి మీదికి గాలి గొట్టం పెట్టి కొడతారు. నల్లటి మబ్బు ఒకటి లేచి, అరనిమిషంలో కనబడకుండా పోతుంది. పదిహేనేళ్ల సహాయకుడు ఆ మబ్బులో ముఖం పెట్టి బోల్టులు తుడుస్తాడు. తుమ్మైనా రాదు కనుక అది హానికరమని ఎవరికీ తోచదు.

దీనికి కావలసింది పెద్ద యంత్రాలు కాదు. గాలి కొట్టకుండా తడి చేసి తుడవడం, తుడిచిన గుడ్డను ఆరనివ్వకుండా సంచిలో కట్టి పారేయడం, సన్నని ధూళిని ఆపే మాస్కు ఒకటి. ఖర్చు స్వల్పం. షెడ్డు యజమాని ఆ పని తనంతట తాను చేయడు. బండి తెచ్చినవాడు "గాలి కొట్టవద్దు, తడిగుడ్డతో తుడవండి" అంటే చేస్తాడు. చక్రానికి మసి పట్టకూడదని వేల రూపాయలు అదనంగా పెట్టి ప్యాడ్లు కొనగలిగినవాడు, ఆ ఒక్క మాట అనడానికి సంకోచించనక్కరలేదు.

ధూళిని నిజంగా తగ్గించే ఉపాయం దుకాణంలో దొరకదు. టోల్‌గేటు కనబడగానే యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయడం, ముందు బండికి ఎడం పాటించడం, దిగుడులో గేరు తగ్గించడం. బ్రేకు ఎంత తక్కువ తొక్కితే ప్యాడ్ అంత తక్కువ అరుగుతుంది, ఎవరి ఊపిరికీ అంత తక్కువ చేరుతుంది. ఇంత చేసినా ముందు చక్రాలకు కాస్త మసి పడుతుంది. చక్రం చల్లారాక మామూలు సబ్బునీళ్లతో కడుక్కోండి. చక్రం మీద కనబడే మసితో వచ్చే చిక్కు అంతవరకే.