రుద్రమ తర్వాత మంగమ్మ

పుంగనూరు, మదనపల్లె బళ్లలో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ని. ఏ తరగతిలో తెలుగు రాణి ఎవరని అడిగినా రుద్రమదేవి పేరు పిల్లల నోట్లోనే ఉండేది. మదురై ఏలిన తెలుగు రాణి ఎవరంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. మీనాక్షమ్మ దర్శనానికి పోయే మనవాళ్లు మదురై జంక్షన్‌లో దిగితే ఎదురుగా మంగమ్మాళ్ సత్రం. ఆ మంగమ్మాళ్ మన మంగమ్మే.

విజయనగరం పంపగా వెళ్లి అక్కడే నిలిచిన తెలుగువాళ్లు మదురై నాయకులు. వాళ్ల సేనాని తుపాకుల లింగమనాయకుడి కూతురు మంగమ్మ, చొక్కనాథ నాయకుడి భార్య. 1682లో భర్త పోయాడు. 1689లో అమ్మవారు పోసి కొడుకు పోయాడు. బిడ్డను కని కోడలూ పోయింది. మిగిలింది నెలల గుడ్డు. ఆ మనవడికి పట్టం కట్టి, తిరుచిరాపల్లి నుంచి దాదాపు పదిహేనేళ్లు రాజ్యం నడిపింది. ‘మనవడి తరఫున’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు మింగుడుపడదు.

ఔరంగజేబు సేన పొరుగున ఉన్న జింజి కోటను ముట్టడించినప్పుడు, గెలవలేని యుద్ధానికి పోకుండా కప్పం కట్టింది. లొంగిపోయిందంటారు కొందరు. ఒడిలో పసివాడు, చుట్టూ తంజావూరు మరాఠాలు, మైసూరు, తిరువాన్కూరు. లెక్క తెలిసిన మనిషి చేసే పని అదే. తనకు కప్పం ఎగ్గొట్టిన తిరువాన్కూరు మీదికి మాత్రం 1697లో దండు పంపింది.

నేను పాఠం చెప్పాల్సివస్తే కావేరి దగ్గర మొదలుపెడతాను. మైసూరు చిక్కదేవరాయలు పైన ఏటికి అడ్డుకట్ట వేశాడు. కింద తిరుచ్చి, తంజావూరు మాగాణులకు నీళ్లు అందలేదు. అంతకుముందే తంజావూరుతో కత్తులు దూసిన మంగమ్మ, పగ పక్కనబెట్టి ఆ తంజావూరుతోనే చేయి కలిపింది. దండు కదలబోతుండగా పెద్ద వానలు పడి కట్ట తెగింది, యుద్ధం తప్పింది. మన చిత్తూరు జిల్లా కుప్పం పిల్లలకు దీన్ని విడమర్చాల్సిన పనిలేదు. కర్ణాటకలో పుట్టి, కుప్పం మీదుగా తమిళనాడుకు పోయే పాలారు మీద మనం ఆనకట్ట అనగానే తమిళనాడు సుప్రీంకోర్టుకెక్కింది. పైవాళ్ల ఆశా, కిందివాళ్ల భయమూ రెండూ ఎరిగిన ఊరది.

జనం చెప్పుకునే కథల్లో మంగమ్మకు మిగిలినవి రెండే: మంత్రితో సంబంధం, చెరలో ఆకలిచావు. అలాంటి పుకారు మగరాజుల చరిత్రలో ఓ మూలన పడి ఉంటుంది. ఆమెకు మాత్రం అదే చరిత్ర అయింది. ఆమె వేయించిన దారులు, కట్టించిన సత్రాలు, బాగుచేయించిన కాలువలు వెనక్కిపోయాయి. ఇది అన్యాయం.

కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మంగమ్మ తగవులూ పొత్తులూ ద్రావిడ భాషల నేలల మధ్యే నడిచాయి కాబట్టి ఆమె పాఠం అక్కడే తయారుకావాలి. ఏడో తరగతి పుస్తకం మళ్లీ మార్చేటప్పుడు రుద్రమ తర్వాత మంగమ్మకూ రెండు పేజీలు ఇవ్వండి. మదురై గుడి ఊంజల్ మండపం పైకప్పు మీద ఆమె రాజదండం అందుకుంటున్న బొమ్మ ఉంది. దాన్నీ వేయండి.