ఆపద్వార్త



ఈ మాసమున మేము నోములను గూర్చి గాని, ఊరగాయలను గూర్చి గాని వ్రాయుట లేదు. టెలివిజనులో చూచిన యొక నాటకమును గూర్చి వ్రాయుచున్నాము. నవ్వదలచినవారు తుదివరకు చదివి పిమ్మట నవ్వుదురు గాక!

అమెరికాలో 1999 మొదలు 2006 వరకు 'ది వెస్ట్ వింగ్' అను ధారావాహిక ప్రసారమయ్యెను. అధ్యక్షుని కార్యాలయమందలి రాజకీయములే దాని ఇతివృత్తము. 2006 జనవరిలో వచ్చిన 'డక్ అండ్ కవర్' అను భాగమును మొన్న ఇంటిల్లిపాదియు చూచితిమి. కాలిఫోర్నియాలో శాన్ ఆండ్రియో అను కల్పిత అణువిద్యుత్కేంద్రమునకు ఆపద వాటిల్లును. లోన ఒత్తిడి పెరుగును. ఆవిరిని వెలికి విడిచినచో విషకిరణములు గాలిలో కలియును; విడువనిచో అంతకంటె ఘోరము. అధ్యక్షుడు విడువుడని ఆజ్ఞాపించును. మరమ్మతునకై లోనికేగినవారిలో ఒకడు ప్రాణములు గోల్పోవును.

నడుమ మా అమ్మాయి, "అమ్మా! ఊరివారికి ఎప్పుడు చెప్పుదురు?" అని యడిగెను. మా వారు, "చెప్పిన తోడనే జనులు భయపడి త్రొక్కులాడుకొందురని పాలకుల జంకు" అనిరి. మాకు ఆ మాట ములుకువలె నాటినది.

ఆ భాగమునకు పెట్టిన పేరు 1951లో అమెరికా బడిపిల్లల కొరకు తీసిన చిత్రముది. అణుబాంబు పడునప్పుడు వంగి దాగుడని అందొక తాబేలు నేర్పును. బడిపంతులుగారి ఇల్లాలము గనుక మాకు బల్లల సంగతి తెలియును. బల్ల యెక్కడ, బాంబెక్కడ!

ఇది కట్టుకథయే యనుకొందమా? 1979 మార్చి 28వ తేదీన పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండ్ కేంద్రమున ఒక కవాటము మూసుకొనలేదు. పలకమీది దీపము మాత్రము మూసుకొనినట్లే తోపించెను. చల్లార్చు నీరు కారిపోయి లోపలి ఇంధనము కొంత కరగెను. రెండుదినముల పిమ్మట, ఐదు మైళ్ల లోపలి గర్భిణులును, బడియీడు రాని బిడ్డలును తరలిపోవుట మేలని గవర్నరు ప్రకటించెను. లక్షకు పైబడి జనులు ఇండ్లు విడిచిరి. కడుపున ఒకరు, చంకన ఒకరు ఉన్న ఇల్లాలిని తలచుకొనుడు. బడిలోని పెద్దబిడ్డనేమి చేయవలెను? మంచముపట్టిన అత్తగారినెవరికి అప్పగింపవలెను? అట్టిదానికి రెండుదినములు ముందుగా తెలియుట ఎంత భాగ్యము!

నాలుగేండ్ల క్రిందట మా తండ్రిగారికి జబ్బుచేసెను. మేము భయపడుదుమని పుట్టింటివారు మూడు దినములు దాచిరి. ఫోనులో ప్రతిదినము "అందరము క్షేమమే" యనిరి. ఆ పలకమీది దీపమును అట్టిదియే గదా! మేము చేరునప్పటికి నాన్నగారికి మాట పడిపోయినది. వారు దయతోనే దాచిరి. కాని ఆ మూడు దినములను మాకిప్పుడెవరును తెచ్చి యీయలేరు.

అట్లని వదంతిని వాడవాడ చాటుటయు ధర్మము కాదు. తెలిసినంత చెప్పవలెను, వేళకు చెప్పవలెను, చేయవలసినదేమో దానితోడనే చెప్పవలెను. రాజ్యమునకైనను, వంటయింటికైనను ఇదియే నీతి. భయము కొంతసేపటికి అణగును. తెలియక పోగొట్టుకొనినది మరల రాదు.

నేడు మీ ఇంట ఎవరినుండియైన ఏదైన దాచుచున్నారేమో ఒకమారు చూచుకొనుడు. మేమును చూచుకొనుచున్నాము.