గూటికి గ్రాంటు

పసిపిల్లల బడికి ద్రవ్యసహాయం చేసేవారి చూపు సామాన్యంగా కట్టడం మీద ఉంటుంది. గోడలు కంటికి కనిపిస్తాయి. శిలాఫలకం మీద పేరు చెక్కించుకోవచ్చు. ఆడిటరుకు లెక్క అప్పగించటం తేలిక. మూడేళ్ళ పిల్ల చెవిని పడే మాటకు మాత్రం రసీదు ఉండదు. అయినా, నడిసముద్రంలోని చిన్న దీవులలో తరతరాలుగా పలికిన ఒక భాష నిలవటమో, మాసిపోవటమో ఆ రసీదులేని మాట మీదనే ఆధారపడి ఉన్నది. హవాయి దీవుల కథ ఇందుకు సాక్ష్యం.

హవాయి చదువెరుగని దేశం కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో, రాజుల యేలుబడిలో, సర్కారు బడులు దేశభాషలో నడిచాయి. ఆ భాషలో కాలక్రమాన వందకు పైగా పత్రికలు వెలువడ్డాయి. 1893లో రాజ్యం కూలింది. 1896లో బళ్ళలో బోధనకు ఇంగ్లీషు తప్ప వేరు భాష పనికిరాదని శాసనం వచ్చింది. ఎనభై యేళ్ళు పైబడి గడిచేసరికి, 1980 దాటిన తొలి సంవత్సరాలలో, పద్దెనిమిదేళ్ళ లోపు వయసువారిలో ఆ భాష మాట్లాడగలవారు యాభై మందికి మించరని అంచనా కట్టారు. అదైనా నీహౌ అనే చిన్న దీవి పుణ్యం. 1864 నుండి అది ఒక కుటుంబపు సొంత ఆస్తి. పరాయివారి రాకపోకలు బహు స్వల్పం. ఏ పథకమూ ఇవ్వలేని రక్షణను అక్కడి భాషకు ఏకాంతం ఇచ్చింది.

1982లో న్యూజీలాండులోని మావోరీలు ‘కొహంగ రేయో’ పేరిట పసిపిల్లల శాలలు పెట్టారు. ఆ మాటకు భాషాగూడు అని అర్థం. పెద్దలు గూటిలో కూర్చుండి తమ భాషలోనే ఆడించి పాడిస్తుంటే, పిల్లలు దానిని పాఠంగా కాక బ్రతుకుగా నేర్చుకుంటారన్నది అందులోని యోచన. దాని ఒరవడిలో 1984లో హవాయివారు కవాయి దీవిలోని కెకహాలో మొదటి ‘పూనన లేయో’ తెరిచారు. నీహౌ నుండి వచ్చిన కుటుంబాలు అక్కడ కాపురముండటం వల్ల భాష నోటనున్న పెద్దలు దొరికారు.

ఇటువంటి శాలలో సంస్కృతి అంటే ఏమిటో చెప్పటానికి ఒక్క చేమమొక్క చాలు. హవాయివారి పురాణగాథలో తొలిచూలు బిడ్డ ప్రాణంలేకుండా పుట్టాడు. పాతిపెట్టిన చోట చేమ మొలిచింది. తరువాతి బిడ్డ నరులకు మూలపురుషుడైనాడు. కనుక చేమ అన్న, మనిషి తమ్ముడు. చేమదుంప పక్కన పుట్టే పిలకను ‘ఓహా’ అంటారు. కుటుంబానికి ‘ఓహాన’ అన్న పేరు ఆ పిలక నుండి వచ్చింది. అవ్వ వెంట బురదమడిలో దిగి చేమ నాటే పిల్లకు మొక్కల శాస్త్రం, చుట్టరికం, పెద్దల ఎడ మర్యాద మూడూ ఒక్కసారే అబ్బుతాయి. ఆపిలు బొమ్మ చూపి అక్షరం చెప్పే అట్టముక్క ఈ పని చేయలేదు. ఆపిలు చెట్టు కనిపించని ఊళ్ళలో ఆ అట్టముక్కతో కుస్తీపట్టే మన ఉపాధ్యాయులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక డబ్బు మాట. తొలిరోజుల భారం తల్లిదండ్రులే మోశారు. నెలజీతం కట్టారు, బడి పనికి గంటల లెక్కన శరీరశ్రమ ఇచ్చారు, సాయంత్రాలు తామూ కూర్చుండి భాష నేర్చారు. ఇది మెచ్చదగిందే. కాని త్యాగాన్ని పొగుడుతూ గ్రాంటు ఎగవేయటం ప్రభుత్వాలకు పాత విద్య. పైగా ధనం కంటె ముందు నిబంధన అడ్డం వచ్చింది. శిశుశాలలో పనిచేసేవారికి కాలేజీ చదువు ఉండాలన్నారు. భాష వచ్చిన అవ్వలకు ఆ చదువు లేదు. ఆ చదువున్న వారికి భాష రాదు. 1986లో ఈ శాలలకు ఆ అర్హతల నుండి మినహాయింపు దొరికింది. బడులలో తొంభై యేళ్ళనాటి నిషేధమూ ఆ సంవత్సరమే తొలగింది. 1987లో సర్కారు బడులలో హవాయి భాషలో తరగతులు మొదలైనాయి. 1988లో అమెరికా కాంగ్రెసు హవాయి దేశీయుల విద్యకు ప్రత్యేక శాసనం చేసి నిధులకు దారి తీసింది. 1999లో, ఈ మార్గంలో చదువుకున్న తొలి జట్టు ఉన్నతపాఠశాల చదువు ముగించుకొని బయటికి వచ్చింది.

న్యూజీలాండు అనుభవం ఇంకొక హెచ్చరిక. 1990 తరువాతి తొలి సంవత్సరాలలో అక్కడి గూళ్ళు సుమారు 800, పిల్లలు 14,000. 1990లోనే వాటి పాలన విద్యాశాఖ చేతికి వచ్చింది. డబ్బు వచ్చింది, డబ్బు వెంట కొలబద్ద వచ్చింది. పట్టాలున్న పంతుళ్ళు నడిపే కేంద్రాలకు అనుకూలంగా, కుటుంబాలు కలిసి నడిపే గూళ్ళకు ప్రతికూలంగా నిధుల పద్ధతి రూపొందింది. పిల్లల సంఖ్య పడిపోయింది. చివరకు మావోరీల ఫిర్యాదు విన్న వైతాంగి ట్రిబ్యునలు 2012లో ప్రభుత్వానిదే తప్పని తేల్చింది.

అవ్వకు మాట వచ్చినంత మాత్రాన పిల్లలను సాకే శాస్త్రం వచ్చినట్లేనా అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే అందుకు విరుగుడు అవ్వను బయటికి పంపటం కాదు. ఆమె ఉన్నచోటికే, ఆమె భాషలోనే శిక్షణను తీసుకొని పోవటం. ఆ ఖర్చును కూడా గ్రాంటులో చేర్చాలి. తలకింత అని లెక్కగట్టే పద్ధతి దీవులకు అసలే పనికిరాదు. పదిమంది పిల్లలున్న దీవిలోనూ ఇద్దరు పెద్దలు కావాలి, పడవ కావాలి, పుస్తకం ఆ ఒక్క భాషలోనే అచ్చుకావాలి. గడువు పెట్టి ఇచ్చే పోటీ గ్రాంటులు మరొక చిక్కు. గడువు తీరినా పిల్ల ఇంకా పిల్లగానే ఉంటుంది.

మన దేశానికీ దీవులున్నాయి. 2010లో అండమానులో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూయటంతో ‘బో’ భాష పలికే నోరు లోకంలో లేకపోయింది. నీరు చుట్టూ లేకపోయినా దీవులవంటివే మన మన్యపుటూళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, గోండీ, కొలామీ మొదలైన ఎనిమిది భాషలలో ప్రాథమిక బోధన ఆరంభించారు. అది మొదలయింది ఒకటవ తరగతిలో. అంతకు ముందరి మూడేళ్ళూ పిల్ల గడిపేది 1975నాటి పథకం కింద వెలసిన అంగన్‌వాడీలో. అక్కడి ఉద్యోగానికి వచ్చే అభ్యర్థి ఎంతవరకు చదివిందో అడుగుతున్నారు. ఆ ఊరి పిల్లల ఇంటిభాష ఆమెకు ఎంతవరకు వచ్చునో కూడా అడిగి, దానికి కొన్ని మార్కులు కేటాయించటానికి కొత్త కట్టడం ఏదీ అక్కరలేదు.