కారు ఇన్సూరెన్స్ గడువు దాటితే అసలు భారం ఫైన్ కాదు

ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా పొదిలి వెళ్లే రోడ్డు తెలిసిందే. గ్రానైట్ రాళ్ల లారీలు, టిప్పర్లు, వాటి మధ్యలో మన కార్లు, బైకులు. ఇన్సూరెన్స్ అయిపోయిన కారుతో ఇలాంటి దారిలో తిరిగేవాళ్లు ముందుగా అడిగేది "పట్టుకుంటే ఫైన్ ఎంత?" అని. 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000. మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. అయినా ఇది చిన్న లెక్కే.

పెద్ద లెక్క ప్రమాదం జరిగాక మొదలవుతుంది. పాలసీ ఉంటే ఎదుటివాళ్ల ప్రాణానికో గాయానికో ట్రిబ్యునల్ వేసే పరిహారాన్ని కంపెనీ కడుతుంది. లేకపోతే యజమానే కట్టాలి. సంపాదించే మనిషి పోతే వయసు, ఆదాయం, ఆధారపడినవాళ్లను బట్టి అది లక్షల్లో తేలుతుంది. ఇల్లు అమ్మినా తీరని అప్పు కావచ్చు. అవతలి కుటుంబం పరిస్థితి ఇంకా కష్టం. తీర్పు చేతిలో ఉంటుంది, డబ్బు రాదు. అందుకే ప్రమాదం చేసిన ఇన్సూరెన్స్ లేని బండిని వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌కు జమ చేసేలా రూల్స్ పెట్టాలని 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పాత కారు వేలానికి ఎంత వస్తుందో మనకు తెలియంది కాదు.

ఇక అందరి నోటా వినిపించే మాట, "90 రోజులు టైముంది కదా" అని. ఆ 90 రోజులు నో క్లెయిమ్ బోనస్ నిలుపుకోవడానికి మాత్రమే. గడువు ముగిసిన రాత్రి 12 దాటితే కారుకు రక్షణ లేనట్టే. ప్రీమియం అందకుండా కంపెనీ బాధ్యత మొదలవదు, ప్రమాదం జరిగాక కట్టినా వెనక్కి వర్తించదు.

ఇంకో చిక్కు ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి చేశారు. సొంత కారు డ్యామేజీకి మాత్రం చాలా పాలసీల్లో ఒక్క ఏడాదే. "మూడేళ్లదాకా ఫికర్ లేదు" అనుకున్నవాళ్లు ఒకటి రెండో ఏడాదే పోగొట్టుకుంటారు, రెండోది నాలుగో ఏడాది మర్చిపోతారు.

మన ఇళ్లలో ఇంకా జరిగేదేమిటంటే, ఆర్సీ గల్ఫ్‌లో ఉన్న భాయ్ పేరు మీద, కారు నడిపేది ఇక్కడి తమ్ముడు. రెన్యువల్ మెసేజ్ పోయేది ఎప్పుడో ఆగిపోయిన పాత నంబరుకి. ప్రమాదం జరిగితే నోటీసు మాత్రం భాయ్‌కే. కారు అమ్మేసి ఆర్సీ మార్చనివాళ్లదీ అదే గతి. రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది.

గడువు దాటిందని తెలిస్తే బండి బయటికి తీయకండి. డబ్బు ఇబ్బందైతే ముందు థర్డ్ పార్టీ ఒక్కటైనా కట్టండి. 2022 జూన్ రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, 1500 సీసీ వరకు 3,416, పైన జీఎస్టీ. పూర్తి పాలసీ కావాలంటే కారును చూపించాల్సి రావచ్చు. కట్టాక పాలసీ మొదలయ్యే తేదీ, టైము చదవండి, కొన్ని ఆ రోజే మొదలు కావు. తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో కారు నంబరు కొట్టి కొత్త తేదీ కనిపిస్తోందో లేదో చూసుకోండి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన కాగితం ఒక్కటే చూసి ఊరుకోవద్దు.